సిగ్నల్ నిండుగా ఉన్నా కాల్ కలవలేదు: ప్రాధాన్య సిమ్‌ల గురించి మీ అనుభవాలు చెప్పండి

అంబులెన్స్_సమన్వయం:
గత నెలలో ఒక పెద్ద అగ్నిప్రమాద స్థలం నుంచి ఆసుపత్రికి ఫోన్ చేయడానికి మా బృందానికి దాదాపు ఇరవై నిమిషాలు పట్టింది. చుట్టూ చేరిన జనం వీడియోలు పంపుతున్నారు. మా ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి, కాల్ మాత్రం మోగకముందే తెగిపోయింది. మా సిమ్‌లకు అత్యవసర ప్రాధాన్యం, అంటే రద్దీలోనూ మిగతావారికన్నా ముందు కాల్ కలిసే వీలు, ఉన్నదని దస్త్రంలో స్పష్టంగా రాసి ఉంది. లోపం ఎక్కడ ఉండవచ్చో ఇలాంటిది ఎదుర్కొన్నవారు చెప్పగలరా?

టవర్_పనివాడు:
గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తున్నదో చెబుతాయే తప్ప అందులో ఖాళీ ఉన్నదో లేదో చెప్పవు. ప్రతి సిమ్‌లోనూ ఒక యాక్సెస్ క్లాస్ నమోదై ఉంటుంది. సాధారణ వినియోగదారులకు 0 నుంచి 9 వరకు ఏదో ఒకటి, ప్రత్యేక అవసరాలకు 11 నుంచి 15 వరకు ఉంటాయి. అత్యవసర సేవలది 14. రద్దీ మితిమీరినప్పుడు ఫలానా తరగతులు ఆగాలని టవర్ ప్రసారం చేస్తే, ఆ తరగతుల ఫోన్లు కొత్త కాల్ కోసం ప్రయత్నించడమే మానుకుంటాయి. అయితే ఇది గుమ్మం దగ్గరి కాపలా మాత్రమే. లోపలికి వచ్చాక ఎవరికి చోటివ్వాలో ఎల్‌టీఈలో (4జీ నెట్‌వర్క్‌లో) ఏఆర్‌పీ అనే మరో అంకె నిర్ణయిస్తుంది. అందులో 1 అన్నిటికన్నా పైది, 15 అట్టడుగుది. ఆ అంకె సిమ్‌లో కాక నెట్‌వర్క్ వారి చందాదారుల డేటాబేస్‌లో ఉంటుంది. కాబట్టి రెండు చోట్లా నమోదు జరగాలి. నేను పనిచేసిన ఒకచోట పాత సిమ్‌లను మార్చినప్పుడు మొదటిదాన్ని మరచిపోయారు, ఏడాది దాకా ఎవరూ గమనించలేదు.

కంట్రోల్‌రూం_రాత్రివిధి:
సిమ్ ఎవరి చేతిలో ఉన్నదన్నది కూడా చూడండి. 2005 జూలై 7న లండన్ పేలుళ్ల తరువాత, అత్యవసర సేవల ఉమ్మడి సమన్వయ బృందం వద్దనుకున్నప్పటికీ, సిటీ ఆఫ్ లండన్ పోలీసులు ఆల్డ్‌గేట్ ప్రాంతం చుట్టూ ఒక కిలోమీటరు మేర ఓ2 అనే మొబైల్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఇలాంటి నియంత్రణను అమలు చేయించారు. కొన్ని గంటలపాటు సామాన్యుల కాల్స్ ఆగిపోయాయి. ప్రాధాన్య సిమ్ లేని సహాయకుడికి కూడా అలాంటి వేళ సామాన్యుడి గతే పడుతుంది.

ఇంటివైపు_నుంచి:
క్షమించండి, నేను ఈ రంగంలో లేను. శిథిలాల కింద చిక్కుకున్న మనిషి చేసే కాల్ మీకు దారివ్వడం కోసం తెగిపోతే, దాన్ని ప్రాధాన్యం అనగలమా?

టవర్_పనివాడు:
న్యాయమైన ప్రశ్న. అత్యవసర నంబరుకు చేసే కాల్స్‌ను 10వ తరగతి కింద విడిగా నియంత్రిస్తారు, అందువల్ల మిగతావి ఆపినా వాటిని తెరిచి ఉంచవచ్చు. అమెరికాలో అత్యవసర సిబ్బంది మొబైల్ కాల్స్‌కు ప్రాధాన్యమిచ్చే డబ్ల్యూపీఎస్ సేవలో నంబరుకు ముందు *272 నొక్కితే, ఆ కాల్ తరువాత ఖాళీ అయ్యే మార్గం కోసం వరుసలో ముందు నిలబడుతుంది. 2012 చట్టంతో మొదలైన, అక్కడి అత్యవసర సిబ్బంది కోసమే ఉన్న ఫస్ట్‌నెట్ నెట్‌వర్క్‌లో మాత్రం అవసరమైతే సామాన్య వినియోగదారులను పక్కకు జరుపుతారు. అక్కడ కూడా అత్యవసర నంబరు 911కు చేసే కాల్స్‌ను తెంచరు. వ్యక్తిగతంగా నాకు వరుస పద్ధతే నచ్చుతుంది, కానీ డేటా మీద ఆధారపడే బృందాలకు అది చాలదని ఒప్పుకోవాలి.

అగ్నిమాపక_డేటా:
డేటా ప్లాన్‌ను కూడా చదవండి. 2018లో కాలిఫోర్నియా కార్చిచ్చు సమయంలో ఒక అగ్నిమాపక విభాగపు కమాండ్ వాహనం నెలవారీ వాడకపు పరిమితి దాటిందని దాని డేటా వేగాన్ని బాగా తగ్గించేశారు. ఇంకొక మాట, టవర్ బ్యాటరీ అయిపోతే ఏ తరగతీ పనికిరాదు. అందుకే మేము రేడియో సెట్లను వదలలేదు.

అంబులెన్స్_సమన్వయం:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు విచారించాను. మా పదకొండు సిమ్‌లలో నాలుగు గత వేసవిలో మార్చినవని, వాటికి ప్రాధాన్యం కోసం మేము తిరిగి దరఖాస్తు చేయనే లేదని తేలింది. ఆ రోజు ఘటనా స్థలానికి వెళ్లిన రెండు వాహనాల్లోనూ ఉన్నవి ఆ సిమ్‌లే.