అప్‌డేట్: ప్రొజెస్టెరాన్ వేసుకునే రోజుల్లో మత్తు, దిగులు

కిందటిసారి నేను అడిగింది ఇదీ: మెనోపాజ్‌కి హార్మోన్ థెరపీ మొదలుపెట్టాక ఈస్ట్రోజెన్ ప్యాచ్‌తో వేడి ఆవిర్లు తగ్గాయి గానీ, నెలలో 12 రోజులు రాత్రిపూట 200 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ వేసుకునేటప్పుడు పొద్దున్నే మత్తు, కడుపుబ్బరం, ఊరికే ఏడుపు, ఇక మానేయనా అని. మానలేదు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని డాక్టర్ గట్టిగానే చెప్పారు.

నా తప్పు కూడా ఒకటి బయటపడింది. భోజనం అవగానే వేసుకునేదాన్ని, తిండితో కలిస్తే ఈ మందు రక్తంలోకి చాలా ఎక్కువగా చేరుతుందట, పైగా అది ఒంట్లో మారి తయారయ్యే పదార్థం మెదడు మీద నిద్రమాత్రలాగే పనిచేస్తుందట. ఇప్పుడు తిన్న రెండు గంటలకి, సరిగ్గా పడుకోబోయే ముందు వేసుకుంటున్నా. పొద్దుటి మత్తు సగానికి సగం తగ్గింది, నిద్ర మాత్రం హాయిగా పడుతోంది (నాకు దక్కిన లాభం ఇదొక్కటే!).

దిగులు అలాగే ఉండటంతో డాక్టర్‌ని అడిగి రోజూ 100 మిల్లీగ్రాములకి మారాను. మూడు వారాలైంది, ఏడుపు రాలేదు, కాస్త స్పాటింగ్ (అప్పుడప్పుడు కొద్దిగా రక్తపు మరకలు) ఉంది, మొదటి కొన్ని నెలలు మామూలేనన్నారు. ఇదీ పడకపోతే హార్మోన్ లూప్ (గర్భసంచిలో అమర్చే, హార్మోన్ విడుదల చేసే చిన్న పరికరం) గురించి మాట్లాడదామన్నారు.