వేరే హౌసింగ్‌లోని క్రౌన్-పినియన్ మన జీపుకు ఎక్కించొచ్చా?

చందంపేట జీపు: అన్నలూ, మా పాత ఫోర్‌వీల్ జీపు వెనక యాక్సిల్ బాగా కూత పెడుతోంది. స్క్రాప్‌లో ఇంకో మోడల్ హౌసింగ్ (యాక్సిల్ గేర్లుండే డబ్బా) దొరికింది, లోపల క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి. నాది 43/8 (క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8), అదీ 43/8. నా హౌసింగ్ ఉంచుకుని సెట్ ఒక్కటే మార్చొచ్చా? గుట్టల్లో, నల్లరేగడిలో తిరిగే బండి.

పాలమూరు ఫోర్‌బైఫోర్: పళ్లు కలిశాయి కదా, ఎక్కించెయ్. రెండూ 5.375 రేషియోనే. ఇంకేం కావాలి?

నల్గొండ మేస్త్రి: పళ్ల లెక్క రేషియో చెబుతుంది, లోపల కూర్చుంటుందో లేదో చెప్పదు. క్రౌన్ సైజు, పినియన్ షాఫ్ట్ పొడవు, బేరింగులు, యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్లు (షాఫ్ట్ కొసన ఉండే గాళ్లు), అన్నీ కలవాలి. కలిసినా పాత షిమ్ములే (గేర్ల సందు సరిచేసే పల్చటి రేకులు) వేస్తే కుదరదు, ఏ రెండు హౌసింగులూ అచ్చంగా ఒకేలా ఉండవు. పళ్లకు రంగు పూసి తిప్పి ముద్ర చూడాలి. ముద్ర పంటి మొదట్లో పడితే పినియన్ మరీ లోపలికి పోయినట్టు, కొసన పడితే ఇంకా బయటే ఉన్నట్టు. ఇంకోటి, క్రౌన్ ఒకచోటిది పినియన్ ఒకచోటిది అసలే వేయొద్దు, ఫ్యాక్టరీలో జంటగా అరగదీసినవి.

డిండి కుర్రాడు: హౌసింగ్ మొత్తం మార్చేస్తే పోలా?

నల్గొండ మేస్త్రి: వెడల్పు, కమాన్ పట్టీలు కూర్చునే చోటు, బ్రేకులు కలిస్తే అదే మంచిది. కలవకపోతే వెల్డింగ్ పనికి రెడీగా ఉండు.

దేవరకొండ బాబాయ్: తమ్ముడూ, ముందు యాక్సిల్ రేషియో ఎంత? అది చూశావా?

పాలమూరు ఫోర్‌బైఫోర్: మేస్త్రీలందరిదీ ఇదే పాట. ఒకాయన షిమ్ముల పేరు చెప్పి నా దగ్గర డబ్బు గుంజాడు, నెల తిరక్కముందే మళ్లీ కూత. విప్పి చూస్తే కొత్త షిమ్ము ఒక్కటీ లేదు.

నల్గొండ మేస్త్రి: అది వాడి దొంగతనం. దానికీ ఈ తమ్ముడి హౌసింగ్‌కూ ఏం సంబంధం?

పాలమూరు ఫోర్‌బైఫోర్: ఎందుకు లేదు? పళ్లు లెక్కపెట్టడమొక్కటే మాకు చేతనయ్యేది, అది చాలదంటావు. మిగతాదంతా నువ్వు చెప్తే నమ్మాలి. నమ్మి మునిగినవాణ్ని నేను.

నల్గొండ మేస్త్రి: మరి నా బాధ కూడా విను. సామాను మీరు స్క్రాప్‌లో తెస్తారు, బేరం ఆడి ఆడి కూలి సగం చేస్తారు, కూత వస్తే ఊరంతా నా పేరు చెడగొడతారు. సామాను మీది, గ్యారంటీ నాదా?

పాలమూరు ఫోర్‌బైఫోర్: ఆ ముక్క మొదట్లోనే అనాల్సింది! రంగు ముద్ర నా కళ్లముందు తియ్, ఫొటో తీసుకుంటా. అది సరిగ్గా ఉండి తర్వాత కూత వస్తే నిన్ను అడగను.

నల్గొండ మేస్త్రి: చూపిస్తా. కానీ సెట్ పనికిరాదని తేలితే బిగించి విప్పిన కూలి ఇవ్వాలి.

పాలమూరు ఫోర్‌బైఫోర్: సగం.

చందంపేట జీపు: బాబాయ్, ఇప్పుడే ముందు యాక్సిల్ మూత విప్పి లెక్కపెట్టాం. 39/8 వచ్చింది. కొన్నప్పటి నుంచి తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తే లివర్ బిగుసుకుపోయి వెనక్కి రావట్లేదు, దీనివల్లేనా?

దేవరకొండ బాబాయ్: దానివల్లే. ముందుకూ వెనక్కూ పది శాతం తేడా, బురదలో టైరు జారి సర్దుకుంటుంది, గట్టి నేల మీద ఎటూ పోలేక బిగుసుకుంటుంది. రెండూ ఒకటయ్యేదాకా ఫోర్‌వీల్ ముట్టకు.

నల్గొండ మేస్త్రి: స్క్రాప్ వాడికి డబ్బు కట్టకు. ముందు ఏ రేషియో ఉంచుతావో తేల్చుకో, సెట్ సంగతి తర్వాత.