బయోస్ అప్‌డేట్ చేశాక పాత ఓవర్‌క్లాక్ నిలబడటం లేదు, వెర్షన్ వల్లేనా?

స్టూడియో_ఆమదాలవలస:

అన్నలూ, రెండు రోజులుగా నిద్ర లేదు, కాస్త చూసి చెప్పండి. నాది రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్ 3200 మీద. మాది ఫోటో స్టూడియో, పెళ్లి వీడియోల ఎడిటింగ్ మొత్తం ఈ సిస్టమ్ మీదే. మూడేళ్ల క్రితం ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్ వేగం చేత్తో పెంచి, అన్ని కోర్లూ 4.2 గిగాహెర్ట్జ్, 1.275 వోల్టులు పెట్టి వదిలేశాను, అప్పటి నుంచి మే నెల ఉక్కపోతలో కూడా ఒక్కసారి ఆగలేదు. ఇప్పుడు మూఢం కదా, ముహూర్తాలు లేవు, ఈ ఖాళీలో కొత్త ప్రాసెసర్ రైజెన్ 5 5600 కొని పెట్టేద్దామనుకున్నాను. దానికి ముందు బోర్డులో కొత్త బయోస్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) ఉండాలన్నారు, వేశాను, బాగానే ఎక్కింది. సెట్టింగులన్నీ పోయాయి కాబట్టి మళ్లీ అవే నంబర్లు కొట్టాను. 42 (అంటే 4.2 గిగాహెర్ట్జ్), 1.275, ర్యామ్‌ని పూర్తి వేగంలో నడిపే ఎక్స్ఎంపీ ఆన్.

విండోస్ వస్తోంది, చిన్న చిన్న పనులు బాగానే అవుతున్నాయి. రెండు గంటల పెళ్లి వీడియో రెండర్ పెడితే మాత్రం ఒకసారి ఇరవై నిమిషాలకి, ఒకసారి నలభై నిమిషాలకి స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అయిపోతోంది. వేడి కూడా లేదు, 74 డిగ్రీలు దాటడం లేదు, అంతకుముందు 80 వరకు వెళ్లేది. ప్రాసెసర్ అదే, కూలర్ అదే, నంబర్లు అవే, మారింది బయోస్ ఒక్కటే. దానికీ ఓవర్‌క్లాక్‌కీ అంత సంబంధం ఉంటుందా, లేక ప్రాసెసర్ పోయే దశకి వచ్చిందా? ఇక్కడ ఒక షాపులో అడిగితే చూడకుండానే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చమన్నారు. పాత వెర్షన్‌కి పోదామంటే, ఇది వేశాక వెనక్కి వెళ్లడం కుదరదని బోర్డు పేజీలో రాసి ఉంది. మూఢం అయిపోయేలోపు ఇది తేలకపోతే చాలా ఇబ్బంది.

పలాస_జీడి:

తమ్ముడూ, పనిచేస్తున్న మిషన్‌ని ముట్టుకోకూడదు, నేనైతే ఎప్పుడూ ముట్టుకోను. ఎలాగోలా పాత వెర్షన్‌కి వెళ్లిపో, దారులుంటాయి, వెతికితే దొరుకుతాయి. పాత బయోస్‌లే ఓవర్‌క్లాక్‌కి మంచివి, కొత్తవన్నీ బిగించేసి ఇస్తున్నారు.

మూడు_లాంతర్లు_విజయనగరం:

పలాస అన్నా, ఈ ఒక్క విషయంలో మీతో ఒప్పుకోలేను, తమ్ముడికి 5600 పెట్టే ఉద్దేశం ఉంది కాబట్టి వెనక్కి వెళ్తే అసలు పనే ఆగిపోతుంది. పైగా 2021లో యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోయే గొడవ 1.2.0.2 ఏజెసాతో (బయోస్‌లో ఉండే ఏఎండీ కోడ్) పోయింది, 2022లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఫీచర్ వల్ల సిస్టమ్ క్షణం పాటు బిగుసుకుపోయే గొడవ 1.2.0.7తో పోయింది. అవన్నీ మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు?

తమ్ముడూ, సంబంధం ఉంటుంది, చాలా ఉంటుంది. బయోస్ అంటే నీలం స్క్రీన్ మీద కనబడే మెనూ ఒక్కటే కాదు. ఏఎండీ బోర్డుల్లో దాని లోపల ఏజెసా అని ఏఎండీ ఇచ్చే కోడ్ ఉంటుంది, ప్రాసెసర్‌ని నిద్ర లేపేది, ర్యామ్‌కి టైమింగులు నేర్పేది, బూస్ట్ ఎంతవరకు వెళ్లాలో చూసేది అదే. దాని చుట్టూ బోర్డు కంపెనీ తన సొంత లెక్కలు కలుపుతుంది. 2017లో మొదటి తరం రైజెన్లకి ర్యామ్ వేగం ఎక్కక జనం ఎంత అవస్థ పడ్డారో నాకు గుర్తుంది. ఏజెసా 1.0.0.6 వచ్చాక 26 కొత్త మెమరీ సెట్టింగులు తెరిచారు, కదలనంటున్న అదే ర్యామ్ పైకి వెళ్లింది. 2019లో నీ 3600 తరానికే బాక్స్ మీద రాసిన బూస్ట్ రావడం లేదని గోల అయితే, 1.0.0.3 ఏబీబీఏ అనే వెర్షన్‌తో 25 నుంచి 50 మెగాహెర్ట్జ్ పెరిగింది. చిప్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ మారలేదు, కోడ్ మారింది అంతే.

ఇక నీ సంగతి. నువ్వు చేతితో కొట్టినవి మూడే, మిగతావన్నీ ఆటో మీద వదిలేశావు. పాత వెర్షన్‌లో కూడా ఆటోయే అయ్యుంటుంది. కానీ ఆ ఆటో అనే మాట వెనక ఏముందో వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారిపోతుంది, మెనూలో మాత్రం అదే మాట కనబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నాకు అనుమానం లోడ్‌లైన్ మీద. మన ఊళ్లో బోరు మోటారు వేస్తే ఇంట్లో లైటు డిమ్ అవుతుంది కదా, అలాగే కోర్లన్నీ ఒక్కసారి పని మొదలుపెడితే ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్ కిందకి జారుతుంది. ఆ జారుడుని ఎంత పట్టి ఉంచాలో చెప్పేది లోడ్‌లైన్ సెట్టింగ్. పాత బయోస్ ఆటోలో గట్టిగా పట్టి ఉంచేది, కొత్తది వదిలేస్తోంది అనుకో, నువ్వు 1.275 కొట్టినా రెండర్‌లో 1.2 కూడా అందదు. నీ వేడి తగ్గిందన్నావే, అసలు ఆధారం అదే. ప్రాసెసర్ పోతుంటే ఊరికే చల్లబడదు, దానికి కరెంటు తక్కువ అందుతోంది.

కాబట్టి ఏదీ కొనకు. వోల్టేజ్, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి రెండర్ పెట్టి, సీపీయూ కోర్ వోల్టేజ్ ఎస్‌వీఐ2 టీఎఫ్ఎన్ అనే లైన్‌లో పని జరుగుతుండగా ఎంత చూపిస్తోందో రాయి. బయోస్‌లో కనబడే నంబరు వద్దు, అది నువ్వు అడిగింది మాత్రమే. పాత రోజుల స్క్రీన్ ఫోటో ఫోన్‌లో ఎక్కడైనా ఉంటే అది ఇంకా మంచిది.

నాగావళి_ఒడ్డు:

నాది ఇంటెల్, అయినా ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే పాత బయోసే మంచిదన్న మాట విని ఎవరైనా 13, 14 తరాల ఐ7, ఐ9ల మీద అదే చేస్తే చిప్ చేతులారా పాడు చేసుకున్నట్టే. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) వచ్చింది, ప్రాసెసర్ 1.55 వోల్టులకి మించి అడగకుండా ఆపుతుంది, అది మనకి చేరేది బయోస్ అప్‌డేట్ ద్వారానే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అది బాగుచేయదని కంపెనీయే చెప్పింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది కూడా. ఏఎండీలోనూ అంతే, 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయిన ఫోటోలు బయటికి వచ్చాక ఎస్ఓసీ వోల్టేజ్ (చిప్‌లో కోర్లు కాని భాగానికి వెళ్లేది) 1.3 దాటకుండా కొత్త బయోస్‌లు ఇచ్చారు. ఇలాంటి చోట ఓవర్‌క్లాక్ కాస్త తగ్గినా అప్‌డేటే చేసుకోవాలి.

అయితే పలాస అన్న మాటలో నిజం లేదనను. 2015 చివర్లో, ఓవర్‌క్లాక్ కాకుండా ఇంటెల్ లాక్ చేసిన స్కైలేక్ తరం ప్రాసెసర్లని కూడా బేస్ క్లాక్ పెంచి పరుగెత్తించేలా కొన్ని బోర్డులకి ప్రత్యేక బయోస్‌లు వచ్చాయి. ఐ5 6400 లాంటి తక్కువ ధర చిప్ కూడా ఎంతో పైకి వెళ్లేది. ఏవీఎక్స్ అనే సూచనలు వాడే భారీ లెక్కల పనులు నెమ్మదించేవి, కోర్ వేడి సరిగ్గా చూపించేది కాదు, అయినా జనానికి పండగే. మరుసటి ఏడాది ఇంటెల్ దాన్ని మైక్రోకోడ్‌తో మూయించింది. అప్పుడు పాత బయోస్ దాచుకున్నవాళ్లు మంచి పని చేసినట్టే.

స్టూడియో_ఆమదాలవలస:

మూడు లాంతర్ల అన్నా, మీరు చెప్పిన లైనే! రెండర్ నడుస్తుంటే 1.194 చూపిస్తోంది. పాత ఫోన్ వెతికితే అప్పట్లో కూలర్ మార్చినప్పుడు తీసిన ఫోటో దొరికింది, అందులో అదే పనికి 1.256 ఉంది. బయోస్‌లో కొట్టింది రెండుసార్లూ 1.275యే. ఇన్ని రోజులూ ఆ నంబరే ప్రాసెసర్‌కి అందుతోందనుకున్నాను.

రాత్రి లోడ్‌లైన్‌ని ఆటో నుంచి తీసి మధ్య లెవెల్‌లో పెట్టాను, 1.25 దగ్గర నిలబడింది, వేడి మళ్లీ 80కి వచ్చింది. రెండున్నర గంటల ఫైల్ పెట్టి పడుకున్నాను, పొద్దున లేచేసరికి పూర్తయి ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో కూడా కొత్తగా వియా (WHEA, విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ తప్పులు) ఎర్రర్లు లేవు. ఎస్ఎంపీఎస్ డబ్బులు మిగిలాయి, మీ మేలు మర్చిపోను. లోడ్‌లైన్ ఇంకా పై లెవెల్ పెట్టి వోల్టేజ్ తగ్గిస్తే బాగుంటుందా? 5600 పెట్టాక కూడా ఇవే నంబర్లు కొట్టొచ్చా?

మూడు_లాంతర్లు_విజయనగరం:

చాలా సంతోషం తమ్ముడూ. పై లెవెల్ వద్దు. లోడ్ ఒక్కసారిగా వదిలినప్పుడు వోల్టేజ్ పైకి ఎగిరిపడుతుంది, ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్‌కి అందదు, చిప్‌కి మాత్రం తగులుతుంది. మధ్య లెవెల్‌లో రాత్రంతా నిలబడిందంటే అక్కడే ఉంచు. ఇంకో సంగతి, లెవెళ్ల అంకెలు కూడా ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, కొన్నిట్లో 1 అంటే గట్టిది, కొన్నిట్లో 1 అంటే మెత్తనిది, ఎవరి వీడియోనో చూసి కొట్టకు.

5600కి ఈ నంబర్లు అస్సలు కొట్టకు. అది తనంతట తానే 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, అన్ని కోర్లనీ ఒకచోట కట్టేయాల్సిన పని లేదు. దానికి కోర్ల వోల్టేజ్‌ని కాస్త తగ్గించి చూసే కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది, 3600కి అది లేదు, 2020 చివర్లో 5000 సిరీస్ కోసం బయోస్ ద్వారానే వచ్చింది. అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలుపెట్టి వారం రోజులు పని చేసుకో, నిలబడితే మైనస్ 15కి వెళ్లు. ప్రాసెసర్ తీసే ముందు బయోస్‌ని డీఫాల్ట్‌కి తెచ్చి, చిప్ మార్చాక సీమాస్ (బోర్డు సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చెయ్యి. మళ్లీ ఎప్పుడైనా బయోస్ వేస్తే ముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసుకో, సెట్టింగులు దాచిన పాత ప్రొఫైల్ ఫైల్ లోడ్ చెయ్యకు, కొన్ని బోర్డులు దాన్ని తీసుకోవు, తీసుకున్నా నేను నమ్మను. యూపీఎస్ లేకుండా మాత్రం వెయ్యొద్దు.

పలాస_జీడి:

లోడ్‌లైన్ సంగతి నాకు నిజంగా తెలియదు బావూ, నాదీ ఆటో మీదే ఉంది. ఈ రాత్రే ఆ టీఎఫ్ఎన్ లైన్ చూసి ఇక్కడ రాస్తాను, నాది రైజెన్ 5 2600, అన్ని కోర్లూ 3.9 మీద ఉన్నాయి.