లోపల 'నుండి' లీనమా, 'నుండు' లీనమా?

తార్నాక: కోల్డ్ ఫ్యూజన్ (మామూలు వేడిలోనే పరమాణు కేంద్రకాలు కలిసిపోతాయన్న వాదన) మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. 'శీతల సంలీనం' అని రాసినప్పటి నుంచి పోతన లైను వదలడం లేదు, 'జగమెవ్వని లోపల నుండి లీనమై'. లీనమై అంటే ఇక్కడ కలిసిపోవడమా, లోపల ఇమిడి ఉండటమా? ఇంకో అనుమానం, అందులో వాడే పల్లాడియం లోహాన్ని ఉత్ప్రేరకం (కెటలిస్ట్) అనొచ్చా?

చిక్కడపల్లి: మాస్టారూ, 'నుండి' కాదు, 'నుండు'.

తార్నాక: చిన్నప్పటి నుంచీ 'నుండి' అనే చదువుతున్నా. గణాలు సరిపోతున్నాయిగా!

చిక్కడపల్లి: 'నుండులీ' అన్నా 'నుండిలీ' అన్నా రగణమే, ఛందస్సు ఇక్కడ సాయం రాదు. జనించు, ఉండు, డిందు. పుట్టడం, ఉండటం, అణగిపోవడం. మీ 'నుండి'తో మధ్యలో ఉండటమే ఎగిరిపోయింది, లీనమై వెళ్ళి డిందుకు అతుక్కుంది.

మెహదీపట్నం: అయితే పోతన లీనం కరిగి మాయమవడం కాదన్నమాట. ఇది మాస్టారి వ్యాసానికి భలే పనికొస్తుంది. 1989 మార్చి 23న యూటాలో రసాయన శాస్త్రవేత్తలు ఫ్లైష్‌మన్, పాన్స్ చెప్పిందేమిటి? భారజలంలో (మన మణుగూరులో తయారయ్యేదే) పల్లాడియం కాథోడ్ పెట్టి కరెంటు పంపిస్తే, అందులోని డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) లోహంలోకి దూరి, లెక్కకు అందనంత వేడి వస్తోందని. పల్లాడియం తన ఘనపరిమాణానికి 900 రెట్ల దాకా హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. లోపల నుండు లీనమై అంటే అదీ! రెండు కేంద్రకాలు ఏకమై మూడోది పుట్టడం వేరు, దానికి సంలయనమే సరైన మాట.

ఉప్పల్: హిందీవాళ్ళు సంలయన్ అన్నారని మనమూ అనాలా? మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నది కేంద్రక సంలీనం. పైగా క్త ప్రత్యయంతో పని పేరు చెప్పొచ్చని పాణిని సూత్రం 'నపుంసకే భావే క్తః' ఉండనే ఉంది, హసితం, గీతం లాగే సంలీనమూ.

మెహదీపట్నం: ఆ సూత్రం చదివినవారు దాని కిందది కూడా చదవాలండీ. 'ల్యుట్ చ', అంటే 'అన' చేర్చినా అదే అర్థం, సంలయనం లాగా.

చిక్కడపల్లి: అదే పద్యం మూడో పాదంలో 'అనాదిమధ్యలయుఁడు' ఉంది, అక్కడ లయ అంటే అంతం. మీ సంలయనం వింటే పోతనకి ప్రళయం గుర్తొస్తుంది. ఒక్క పద్యంలో లీనమూ లయా రెండూ వేసి ఒకదాన్ని ఉండటానికీ ఇంకోదాన్ని పోవడానికీ వాడుకున్నాడు చూడండి, ఆ బమ్మెర రైతు చెవి అలాంటిది.

వనస్థలిపురం: ఉత్ప్రేరకం సంగతి అందరూ మర్చిపోయారు. నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది కాబట్టి చెబుతున్నా. ఉత్ప్రేరకం వేడి పుట్టించదు, చర్య దారిలో అడ్డున్న శక్తి గుట్టను తగ్గిస్తుంది, అంతే. రసాయన చర్యలో ఆ గుట్ట ఒకటి రెండు ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల మధ్య అయితే లక్షల్లో ఉంటుంది. అందుకే 2011లో ఆండ్రియా రోసీ నికెల్ పొడి, హైడ్రోజన్, పైన ఒక రహస్య ఉత్ప్రేరకంతో కోల్డ్ ఫ్యూజన్ సాధించానన్నప్పుడు మా ల్యాబులో ఎవరూ టీ కప్పు కింద పెట్టలేదు. 2019లో గూగుల్ డబ్బుతో చేసిన ప్రయోగాల్లోనూ కోల్డ్ ఫ్యూజన్ ఆనవాలు దొరకలేదు. ఉత్ప్రేరకం అన్న పేరుకు తగింది మ్యూయాన్ అనే కణం. ఎలక్ట్రాన్ కన్నా 200 రెట్లు బరువు కాబట్టి కేంద్రకాలను దగ్గరికి లాగి, కలిపి, తాను బయటపడి ఇంకో జంటను వెతుక్కుంటుంది. 1956లో భౌతిక శాస్త్రవేత్త ఆల్వారెజ్ బృందం దాన్ని కళ్ళారా చూసింది. బతికేది సెకనులో పది లక్షల వంతులు రెండు, ఆలోపు మహా అయితే నూటయాభై పెళ్ళిళ్ళు చేస్తుంది. దాన్ని పుట్టించిన ఖర్చు మాత్రం వెనక్కి రాదు.

ఉప్పల్: పెళ్ళిళ్ళ పేరయ్య అనండి, పోతుంది. అది సరే గానీ ఉత్ప్రేరణకి రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో పెట్టిన 'కెటాలిసిస్' అనే మాటలో 'కటా' అంటే కిందికి. మనవాళ్ళు 'ఉత్' అని పైకి ఎత్తారెందుకో?

వనస్థలిపురం: లైసిస్ అంటే విప్పడం, ప్రేరణ అంటే తోయడం. కిందికి ఎలా తోస్తారు? నూతిలోకా?

తార్నాక: ఇంతకీ నన్నేం రాయమంటారు? రేపటికి పంపాలి. ప్రస్తుతానికి 'కోల్డ్ ఫ్యూజన్' అనే ఉంచేసి, పల్లాడియం పక్కన ఉత్ప్రేరకం కొట్టేశాను. 'యెవ్వని యందు డిందు బరమేశ్వరుడు' అని ముందు పెట్టుకున్నాను.

చిక్కడపల్లి: డిందు తర్వాత అరసున్న ఏదీ? అది లేకపోతే 'ప'కి 'బ' ఎలా వచ్చిందో చెప్పండి ముందు.