అప్‌డేట్: తడిసిన టైమ్ క్యాప్సూల్ కాగితాలు చాలావరకు దక్కాయి

హనుమకొండలో మా కళాశాల ఆవరణలో పాతిన టైమ్ క్యాప్సూల్‌లోకి (భావితరాల కోసం ఉత్తరాలు, పత్రాలు దాచి పాతే పెట్టెలోకి) నీరు చేరిందని, కాగితాలను ఎలా కాపాడాలని అడిగాను. ఎండలో పెట్టవద్దని, 48 గంటలు దాటితే బూజు మొదలవుతుందని హెచ్చరించిన వారందరికీ కృతజ్ఞతలు. విడివడిన పుటల మధ్య అద్దుడు కాగితాలు (తడి పీల్చే బ్లాటింగ్ పేపర్లు) పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టాం. అతుక్కుపోయిన కట్టను డీప్ ఫ్రీజర్‌లో ఉంచాం. గడ్డకడితే బూజు ఆగుతుంది, నిపుణులు చూసేదాకా వ్యవధి దొరుకుతుంది.

విద్యార్థుల ఉత్తరాల్లో బాల్‌పెన్నుతో రాసినవి చక్కగా చదవగలుగుతున్నాం. ఫౌంటెన్ పెన్నుతో రాసినవి నీలి మరకలుగా మిగిలాయి. అదే నా బాధ. తుప్పు పట్టిన గుండుపిన్నులు మెల్లగా తీసేశాం.

మళ్లీ పాతిపెడదామని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. అసలు పత్రాలు ఆమ్లరహిత కవర్లలో గ్రంథాలయంలోనే ఉండాలి. పాతాలనుకుంటే నకళ్లు పాతుదాం.