ఈమోరియామా కొండకు అమ్మానాన్నలను తీసుకువెళ్ళడం గురించి

అందరికీ నమస్కారం. మేము టోక్యోలో ఉంటున్నాము. డిసెంబరు మొదటి వారంలో అమ్మానాన్నలు వస్తున్నారు. వారిని ఐజు వాకామత్సు నగరంలోని ఈమోరియామాకు తీసుకువెళ్ళాలని ఉంది.

1868లో జపాన్‌లో జరిగిన అంతర్యుద్ధంలో బ్యాక్కోతాయ్, అంటే తెల్లపులుల దళానికి చెందిన ఇరవై మంది కుర్రవాళ్ళు ఆ కొండ మీద నుంచి తమ ఐజు కోట వైపు పొగలు చూసి, కోట పడిపోయిందనుకుని ప్రాణాలు తీసుకోబోయారు. ఒక్కడే బతికాడు. నిజానికి కోట అప్పటికి పడిపోలేదు, ఆ తరువాత దాదాపు నెల రోజులు నిలబడింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు! ఈ కథ చెప్పినప్పటి నుంచి నాన్నగారు ఆ కొండ మీదున్న వాళ్ళ సమాధుల ముందు ఒక్కసారి నిలబడాలంటున్నారు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి. మెట్ల పక్కన డబ్బులు తీసుకుని పైకి చేర్చే కదిలే దారి ఉందని తెలిసింది. అది డిసెంబరులో కూడా నడుస్తుందా? దిగేటప్పుడు మెట్లు తప్పవా? మంచు పడితే జారుతుందేమోనని నా భయం.

కొండ మీదున్న సజాయెదో మందిరం కూడా చూపించాలని ఆశ. 1796లో కట్టిన ఆ చెక్క కట్టడంలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఆ వాలు అమ్మ ఎక్కగలదా?

కోరియామా వరకు షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో వెళ్ళి, అక్కడ బన్‌ఎత్సు పడమటి లైను రైలు ఎక్కుదామనుకుంటున్నాము. ఒక్క రోజులో తిరిగి రావచ్చా, లేక రాత్రి అక్కడే ఉండడం మేలా? సమాధుల దగ్గర అగరుబత్తి వెలిగించడానికి పాటించవలసిన పద్ధతి ఏదైనా ఉంటే అదీ చెప్పండి. పెద్దవారితో వెళ్ళివచ్చినవారి మాట మాకు చాలా అవసరం.