పీహెచ్‌సీ పోస్టింగ్‌లో చేతిపని నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న (హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ ఇంటర్న్, కోనసీమ):
నమస్కారమండి. కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాల్లో భాగంగా నన్ను ఇక్కడి పీహెచ్‌సీకి వేశారు. వచ్చి పది రోజులైంది. డాక్టరు గారి పక్కన కూర్చోవడం, రిజిస్టర్ రాయడం, అంతే. వంద మంది వస్తే వంద మందినీ ఆయనే చూస్తారు. కాలేజీ ఆసుపత్రిలో అన్నీ పీజీలే చేసేవారు. రేపు ఒంటరిగా డ్యూటీ చేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం అడగాలి, ఏం నేర్చుకోవాలి?

జవాబు (మెడికల్ ఆఫీసర్, ఒకప్పుడు లంక గ్రామాల్లో పనిచేశాను):
బాబూ, ముందు మీ డాక్టరు గారిని ఒక్కటి అడగండి: "రోజూ ఐదుగుర్ని ముందు నన్ను చూడనివ్వండి సార్, తర్వాత మీరు చూడండి." ఐదుగురు చాలు. మాట్లాడి, చేత్తో పట్టి చూసి, ఏం జబ్బనుకుంటున్నారో, ఏం మందిస్తారో ఓపీ చీటీ వెనక రాసి ఆయనకు చూపండి. ఏది కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో వదలకుండా అడగండి. ఓపీ రద్దీలో ఆయన విసుక్కున్నా మధ్యాహ్నం భోజనాల వేళ తప్పక చెబుతారు.

ఇక పాముకాటు. సార్వా ఊడ్పుల రోజుల్లో మనకిది తప్పదు. కొత్త, పొడి గాజు టెస్ట్‌ట్యూబులు మీ దగ్గర ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. అప్పటికీ నీళ్లలా జారితే రక్తపింజర కాటని అనుమానించాలి. ప్లాస్టిక్ ట్యూబులు, సబ్బుతో కడిగినవి పనికిరావు. మొదటిసారి గడ్డకట్టినా సరిపెట్టుకోకుండా మళ్లీ మళ్లీ చూడాలి.

కట్లపాము కథ వేరు. కాటు గుర్తు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. కొత్తలో అలాంటి ఒకతనికి గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. "సార్, రెప్పలు వాలిపోతున్నాయి చూడండి" అని మా నర్సమ్మ అనకపోతే ఏమయ్యేదో. విషానికి మందు మొదలుపెట్టి, 108లో కాకినాడ దాకా ఆంబు బ్యాగ్ (మాస్కు ద్వారా చేత్తో ఊపిరి అందించే సంచి) నొక్కుతూ నేనే వెళ్లాను. అతను బతికాడు. మాస్కు గాలి పోకుండా పట్టుకోవడం బొమ్మ మీదైనా నేర్చుకోండి, ఇది మాత్రం వాయిదా వేయకండి.

జవాబు (ఏఎన్‌ఎం):
సార్, మాతో సబ్‌సెంటర్‌కి రండి. గర్భిణి కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో మీరు చెప్పండి, స్కానింగ్ కాగితం తర్వాత చూద్దాం. బోదకాలు పరీక్షకు రాత్రి రక్తం తీసే రోజూ రండి, ఆ పురుగులు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. ఇళ్లకూ వెళ్దాం. ఓపీలో "షుగర్ మాత్రలు వాడుతున్నా" అన్న మామ్మగారింట్లో పొట్లాలు విప్పకుండా ఉన్నాయి. అడిగితే, మాత్ర వేసుకుని చేలోకి వెళ్లాక కళ్లు తిరుగుతున్నాయట. ఆవిడ అన్నం తినేది పదకొండింటికి. డాక్టరు గారికి చెప్పి మాత్ర మార్పించాం.

ప్రశ్న వేసినవారు:
కుట్లు వేయడం కూడా ఇక్కడే నేర్చుకోవచ్చా అండి?

మెడికల్ ఆఫీసర్:
నేర్చుకోవచ్చు, పెద్దవాళ్లు పక్కనుంటేనే. కొబ్బరిచెట్టు మీంచి పడిన దింపు కార్మికుడొస్తే మాత్రం కుట్ల జోలికి పోకండి. ముందు మెడ కదలకుండా పట్టుకోండి, లేపి కూర్చోబెట్టనివ్వకండి. బంధువులు నీళ్లు తాగించాలని గొడవ చేస్తారు, నచ్చజెప్పండి.

ప్రశ్న వేసినవారు:
ఈ రోజు నలుగుర్ని నేనే ముందు చూశానండి, రెండు చీటీలు సార్ మార్చారు. బీరువాలో ఉన్న గాజు ట్యూబులన్నీ సబ్బుతో కడిగినవే. కొత్తవాటికి ఇండెంట్ రాశాం. గురువారం సబ్‌సెంటర్‌కి వెళ్తున్నాను.